మేదిని అక్షరాలు

మా ఆవిడ హరిప్రియ అక్షరాలు గీస్తుంది. గీస్తుందంటే గోడల మీద రాయడం కాదు. మీ ఫోన్లోనో, బస్సు టికెట్టు మీదో, మందు సీసా మీదో కనిపించే తెలుగు అక్షరానికి వంపు ఎంత ఉండాలో, లావు ఎంత ఉండాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చి ఉంటారు కదా, ఆ ఎవరో ఒకళ్లలో ఆమె ఒకతి. కాకినాడ గాంధీనగర్‌లో కింద మా ఇల్లు, మేడ మీద రెండు గదుల్లో మా ఆఫీసు. నేను కెమెరాలవాణ్ణి. చదివేటప్పుడు మనిషి కన్ను తెర మీద ఎక్కడ ఆగింది, ఎక్కడ తడబడింది కనిపెట్టే ప్రోగ్రాములు రాస్తాను. ఆమె గీస్తే నేను కొలిచేవాణ్ణి. పెళ్లయిన దగ్గర్నుంచీ మా దెబ్బలాటలన్నీ అక్షరాల మీదే.

"ఈ కాలం అక్షరం తన గురించి తను చెప్పుకోకూడదండీ," అనేది హరిప్రియ. "చదివినవాడికి కథ గుర్తుండాలి గానీ అక్షరం గుర్తుండకూడదు."

అందుకని కలం ఒత్తులూ, చేతి విసురూ తీసిపారేసింది. గీతంతా ఒకటే లావు. లోపలి గుండ్రాలు బాగా తెరిచి పెట్టింది, చిన్న తెర మీద కూడా పూడుకుపోకుండా. తలకట్టు కుదించింది. కిందికి వేలాడే వత్తుల్ని పైకి లాగింది. ఆమె గీసినవి చూస్తే నాకు ఒళ్లు మండేది.

"అన్నీ ఒకే రేకులో పోసిన ఇడ్లీల్లా ఉన్నాయే," అనేవాణ్ణి.

"తినేవాడికి ఇడ్లీ కావాలా, రేకు మీద నగిషీ కావాలా?" అనేది. ఆమెని మాటల్లో గెలవడం మా ఇంటా వంటా లేదు.

అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకి చదవడం రాలేదు.

మా మేదినికి ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఆ సంగతి మాకు తెలియలేదు. క్లాసులో పక్కపిల్ల చదివింది విని పాఠాలన్నీ బట్టీ పట్టేసేది. ఇంట్లో పుస్తకం ఒళ్లో పెట్టుకుని గడగడా చదివినట్టే అప్పజెప్పేది, సరిగ్గా చోటు చూసి పేజీ తిప్పేది. ఒకరోజు నేనే పొరపాటున రెండు పేజీలు కలిపి తిప్పాను. పిల్ల ఆగకుండా, మధ్యలో దాటిపోయిన పేజీలోది చదువుకుంటూ పోయింది. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

డాక్టరు కళ్లు పరీక్షించి బాగున్నాయన్నాడు. తెలివికి లోటు లేదన్నాడు. కొంతమంది పిల్లలకి అక్షరం పట్టుబడదు, అంతేనట. హరిప్రియ పాపని పక్కన కూర్చోబెట్టుకుని తను గీసిన అక్షరాలు చూపించింది.

"ఎలా కనిపిస్తున్నాయి చిట్టితల్లీ?"

"మా బళ్లో ప్రార్థనకి నుంచున్న ఆడపిల్లల్లా ఉన్నాయమ్మా. అందరివీ ఒకేలాంటి రెండు జడలు. వెనకాల్నించి చూస్తే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది?"

హరిప్రియ మొహం చూడలేకపోయాను. ఎంతమందికో చదువు తేలిక చేశానని గర్వపడే మనిషి. ఒకేలా ఉండాలని ఆమె పట్టుబట్టి సాధించిన పొందికే పిల్ల కాళ్లకి అడ్డం పడింది.

ఆ తర్వాత మేం చేసింది చెబుతాను. హరిప్రియ ప్రతి అక్షరాన్నీ రెండు కొసలుగా గీసింది. ఒక కొసన సన్నంగా, మూసుకుని. ఇంకో కొసన వెడల్పుగా, తెరుచుకుని. ఆ రెంటి మధ్యా అక్షరం ఎక్కడైనా ఆగొచ్చు. అదేం కొత్త కాదు, ఆమె వృత్తిలో అందరూ చేసేదే. కొత్తది నేను కలిపాను. ఫోను ముందున్న కెమెరా పాప కంటిని చూస్తూ ఉంటుంది. కన్ను తడబడిన చోట ఆ అక్షరం వెంట్రుకవాసి జరుగుతుంది. మళ్లీ తడబడితే ఇంకో వెంట్రుకవాసి. కంటికి సాఫీగా సాగేదాకా అలా ఒదుగుతూనే ఉంటుంది. అందుకే దానికి 'ఒదుగు' అని పేరు పెట్టాం.

మేదిని కొంచెం కొంచెంగా కూడబలుక్కుంది. తర్వాత ఒకచోట ఆగిపోయింది. తలకట్టు దగ్గర. హరిప్రియలా అక్షరాలు గీసేవాళ్లకి ఒక అలవాటుంది. తలకట్టు ఒక్కసారే గీస్తారు, దాన్నే తీసుకెళ్లి అన్ని అక్షరాల నెత్తినా పెడతారు. అక్షరాలు ఎంత మారినా తలకట్టు మేకులా ఒక్కచోటే ఉంటుంది, అక్షరాలన్నీ ఒక కుటుంబంలా కనబడేది దానివల్లే.

"మేకు తీసెయ్," అన్నాను.

"తీస్తే అక్షరం ఎటు పోతుందో నాకు తెలీదండీ. అప్పుడింక కొసలుండవు. హద్దుండదు."

"పాప చదువుతుందా లేదా, అది చెప్పు."

ఆమె తీసేసింది. తర్వాత నన్ను చాలామంది నిలదీశారు. ఆ పూట మా ఇంట్లో ఉంటే వాళ్లూ తీసేసేవారు.

వానాకాలం వెళ్లిపోయే రోజులు. నేనూ హరిప్రియా మెట్లు దిగి వస్తుంటే హాల్లోంచి పాప నవ్వు వినబడింది. టీవీ లేదు, పక్కన ఎవరూ లేరు. ఫోన్లో కథ చదువుకుని నవ్వుతోంది. తనంతట తను. హరిప్రియ నా చెయ్యి పట్టుకుంది, గోళ్లు దిగేలా. మేం లోపలికి వెళ్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని మెట్ల మీదే కూర్చుండిపోయాం. నా బతుకులో అంత సంతోషం ఇంకెప్పుడూ లేదు.

*

పెద్ద ఫోన్ల కంపెనీ ఒకటి మా గుమ్మంలోకి వచ్చింది. మేకు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి ఇచ్చాం. వాళ్లు పరీక్షించుకుని లేనిదే కావాలన్నారు. మామూలువాళ్లు కూడా దాంతో రెట్టింపు వేగంగా చదివారట, అలసట లేకుండా.

ఇక్కడొక మాట చెప్పాలి. మా పనిలో పరీక్ష అంటే ఒక గది, ఒక తెర, ఒక మనిషి. రెండో మనిషిని గదిలోకి రానిస్తే కన్ను చెదురుతుందని రానివ్వం. అక్షరం ఇద్దరి మధ్య ఉండాల్సిందని ఆ గదిలో కూర్చున్నవాడికి ఎందుకు గుర్తొస్తుంది? మాకు రాలేదు. కంపెనీలో అంత చదువుకున్నవాళ్లున్నారు, వాళ్లకీ రాలేదు.

జనం ఒదుగుని నెత్తిన పెట్టుకున్నారు. ముసలాళ్లు కళ్లద్దాలు పక్కన పడేశారు. పుస్తకం మొహం చూడని కుర్రాళ్లు నవలలు చదివారు. ఇంగ్లీషుకీ, హిందీకీ ఎవరెవరో అలాంటివే తయారు చేశారు. అక్షరాలు ఒక్కొక్కరి ఫోన్లో ఒక్కో దారిన వెంట్రుకవాసి చొప్పున జరుగుతూ పోయాయి. ఎవరికీ తెలియలేదు. రోజూ అద్దంలో చూసుకునేవాడికి తన మొహం మారినట్టు తెలుస్తుందా?

మాకు తెలిసింది ఒక శుభలేఖ వల్ల. మా బాబాయి మనవడి పెళ్లి. ఇంట్లో ముగ్గురం భోజనాల బల్ల చుట్టూ కూర్చుని ఆ కార్డు అటూ ఇటూ తిప్పాం. ముహూర్తం ఎప్పుడో ఒక్కరికీ చదవడం రాలేదు. అచ్చులో ఉన్నవి ఏవో పురాతన శాసనాల్లా ఉన్నాయి. ఫోను ఎత్తి చూపిస్తే అది మా మా అక్షరాల్లోకి మార్చి చూపించింది.

"మన కళ్లు బద్ధకించాయి, అంతే," అని నవ్వేశాను.

హరిప్రియ నవ్వలేదు. నా ఫోను లాక్కుని, తన కంటికి ఒదిగిపోకుండా కెమెరా మీద వేలు అడ్డం పెట్టి, నా అక్షరాలు చూసింది. తన ఫోన్లోవి చూసింది. తర్వాత పాపవి. "ఏవండీ," అంది నెమ్మదిగా, "మీ ఫోన్లో ఉన్నది నేను గీసింది కాదు. ఇందులో ఒక్క అక్షరం కూడా నాకు తెలీడం లేదు."

ఆ తర్వాతి వారం మేదిని వాళ్ల తెలుగు టీచరు మేరీ రత్నం గారు మా ఇంటికొచ్చారు. సంచిలోంచి పరీక్ష కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. పిల్లలు రోజూ తెర మీద ఏది చూస్తారో చేత్తో అదే రాస్తారు. ఏ కాగితమూ ఇంకో కాగితంలా లేదు. ఒక పిల్లవాడివి గొలుసుల్లా ఉన్నాయి. ఒక పిల్లవి చుక్కలూ గీతలూ. మా మేదినివి అన్నిటికంటే దూరం పోయాయి. మొగ్గల్లా పైకి విచ్చుకుని, ఎక్కడా తలకట్టన్నది లేకుండా, చూడ్డానికి ఎంత అందంగా ఉన్నాయో.

"ఇవి ఎలా దిద్దమంటారండీ?" అన్నారావిడ. "నేను బోర్డు మీద రాస్తే క్లాసు క్లాసంతా ఫోన్లెత్తి చూస్తోంది. నా బిడ్డలకి నా రాత తెలీడంలేదు. మీరు చదువుకున్నవాళ్లు, ఏం చేశారమ్మా మీరు?"

హరిప్రియ తల వంచుకుంది. టీ కూడా తాగకుండా కాగితాలు సర్దుకుని వెళ్లిపోయారావిడ.

అప్పుడైనా ఎవరూ కదల్లేదు. చివరికి ఒక ఆసుపత్రిలో పగటి నర్సు పలకమీద చేత్తో రాసిపెట్టిన మందు మోతాదుని రాత్రి నర్సు ఇంకోలా చదువుకుంది. రోగి దక్కలేదు. పేపర్లూ టీవీలూ దుమ్మెత్తిపోశాయి. ఒదుగుని వెనక్కి నడిపించమని ప్రభుత్వం హుకుం జారీ చేసింది. ఏ అక్షరం ఎంత దూరం పోయిందో అంత దూరం, వెంట్రుకవాసి చొప్పునే వెనక్కి రావాలి. బళ్లు తెరిచేలోగా అందరూ పాత ఉమ్మడి అక్షరానికి చేరాలి.

పెద్దవాళ్లకి అది తలనొప్పితో పోయింది. మేం ఒకప్పుడు ఆ ఉమ్మడి అక్షరాల ఊళ్లో ఉండి వచ్చినవాళ్లమే కాబట్టి దారి దొరికింది. మేదిని ఆ ఊరు ఎన్నడూ చూడలేదు.

*

అప్పటికి దానికి పద్నాలుగేళ్లు. చదువు దానికి తిండికంటే ఎక్కువ. అన్నం తింటూ చదివేది, తల దువ్వించుకుంటూ చదివేది, మేం పిలిస్తే మూడో కేకకి తలెత్తేది. తన అక్షరాలు తనకి ఉంచేస్తే సరిపోతుంది. మా సొంత మిషను మీద నడిపించుకోవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. హరిప్రియ అదే అంది.

"దీన్ని మాత్రం కదపొద్దండీ. ఎలా ఉందో అలా ఉండనీండి."

మేదిని చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "నాకూ వెనక్కి రావాలనుందమ్మా."

"ఎందుకే? నీకేం తక్కువైంది?"

"బడి తెరిచాక క్లాసులో అందరూ మళ్లీ చీటీలు రాసుకుంటున్నారు. నఫీసా నాకు రాయడం మానేసింది. నేను రాసింది దానికి రాదు, అది రాసింది నాకు రాదు. వీపు మీద వేలితో రాసి ఏంటో చెప్పమనే ఆట ఉంది కదా, అందులో నన్ను కలుపుకోవట్లేదు. నా ఒక్కదానికే అక్షరాలుండి ఏం చేసుకోనమ్మా?"

హరిప్రియ లేచి వెళ్లి చెయ్యి కడుక్కుని వచ్చింది, తినకుండానే. మేదిని ఇప్పటి అక్షరాలు ఉన్నవున్నట్టు దాచిపెడదామనీ, అందరికంటే నెమ్మదిగా నడిపిద్దామనీ, కుదరకపోతే తిరిగి ఆ అక్షరాలకే వచ్చేద్దామనీ ముగ్గురం అనుకున్నాం. తాళంచెవి మా దగ్గర ఉన్న ఇల్లే కదా అన్న ధైర్యం.

మొదట్లో బాగానే నడిచింది. పొద్దున్నే మేడ మీదకి వచ్చి తెర ముందు కూర్చునేది. దాని మొగ్గలు కొంచెం కొంచెం ముడుచుకున్నాయి. కొసలు కిందికి దిగాయి. తడబడేది, పళ్లు బిగించి మళ్లీ మొదలెట్టేది. ఒకరోజు నఫీసా పేరు చదివింది, మామూలు అచ్చులోది. ఇల్లంతా గంతులేసింది. నేను బజారుకెళ్లి కాజాలు తెచ్చాను.

తలకట్టు తిరిగి నెత్తినెక్కే చోటికి వచ్చేసరికి నడక ఆగిపోయింది. ఏ అక్షరమూ పోల్చుకోలేకపోయింది. ఆపుదామన్నాం. "ఇంకొక్క రోజు నాన్నా" అని బతిమాలేది. మర్నాడు పొద్దున అదే మాట. నఫీసా దాకా వచ్చేశాను కదా, ఇంక కొంచెమే అనేది. దాని కళ్ల కింద నలుపు చూసి హరిప్రియ ఆ తెర తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది. కొన్నాళ్లు ఏమీ చదవనివ్వకుండా కళ్లకి విశ్రాంతి ఇచ్చాం. తర్వాత దాచిన పాత అక్షరాలు తీసి దాని ముందు పెట్టాం.

మేదిని చాలాసేపు చూసింది. "ఇవి నావేనా?"

"నీవే తల్లీ."

"తెలిసినవాళ్లలానే ఉన్నారు నాన్నా," అంది. "పేర్లు గుర్తు రావట్లేదు."

కంగారు పడకు, నెమ్మదిగా వస్తాయన్నాను. అంటూనే నా తెర వంక చూశాను. దాని కన్ను ఎలా కదులుతోందో గీత గీసి చూపించే తెర అది. ఇన్నేళ్లలో ఎన్ని వేల కళ్లు చూసి ఉంటాను! చదవలేని కన్ను ఆగుతుంది, వెనక్కి వెళ్తుంది, తచ్చాడుతుంది. ఆ తడబాటే మాకు దారి. అక్షరం ఎటు ఒదగాలో అదే చెబుతుంది. మేదిని కన్ను ఎక్కడా ఆగలేదు. వెల్లవేసిన గోడమీద జారినట్టు ఈ చివర్నుంచి ఆ చివరికి జారిపోయింది. తడబడుతుందని ఎదురుచూశాను. ఒక్కచోట తడబడితే చాలు, అక్కడ పట్టుకుని మళ్లీ మొదలుపెడదును. గీత అలాగే వంపు లేకుండా సాగింది.

హరిప్రియ నా వెనకనుంచి అది చూసింది. ఆమెకి వివరించి చెప్పాల్సిన పనిలేకపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెట్లు దిగిపోయింది.

మేమేమీ ఊరుకోలేదు. ఉమ్మడి అక్షరాలు పెట్టాం, చిన్నప్పటివి పెట్టాం, మధ్యలో ఎక్కడెక్కడ ఆగిందో అవన్నీ పెట్టాం. ఇసకలో రాయించాం, గరుకు కాగితం అతికించిన అట్టలమీద వేలు పెట్టి దిద్దించాం. హైదరాబాదు, బెంగుళూరు తిప్పాం. బెంగుళూరులో ఒక డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల మెదడు అక్షరాల కోసం ఒకసారి కష్టపడి చోటు చేసుకుంది. వాటిని అక్కడినుంచి లేపి నడిపించారు, ఇప్పుడు అక్కడ వేరేవి వచ్చి కూర్చున్నాయి. మొహాలు గుర్తుపట్టడం, దారులు గుర్తుపెట్టుకోవడం, అలాంటివి. "ఖాళీ చేసిన చోటు ఖాళీగా ఉండదండీ," అంది.

ఒదుగుతోనే ఓనమాలు దిద్దుకున్న పిల్లల్లో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారట. ప్రభుత్వం వాళ్లు 'స్వల్ప సంఖ్య' అన్నారు. వాళ్లకి పరీక్షల్లో రాసిపెట్టే మనిషిని ఇస్తామన్నారు. మేరీ రత్నం గారు ఒక ఆదివారం చర్చినుంచి నేరుగా వచ్చి మేదిని తల నిమిరి, దాని పక్కన కూర్చుని వెళ్లారు. మాకు నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

హరిప్రియ ఇప్పుడు వేరే పని ఒప్పుకోదు. పొద్దున్నే మేడెక్కి మేదిని కోసం కొత్త 'అ' గీస్తుంది. మధ్యాహ్నానికి చూపిస్తుంది. మేదిని శ్రద్ధగా చూసి, "బాగుందమ్మా, నిన్నటిదానికంటే బాగుంది," అంటుంది. అమ్మ నొచ్చుకుంటుందని అంటుంది. హరిప్రియకి ఆ సంగతి తెలుసు. మర్నాడు మళ్లీ గీస్తుంది. మానెయ్యమని చెప్పే ధైర్యం నాకు లేదు.

వెనక్కి నడవడం మొదలుపెట్టినప్పుడు మేదిని ఒక నవల సగంలో ఆపింది. మా ఊరి తీరానికి ఎదురుగా ఉన్న హోప్ ఐలాండు అవతల లంగరేసిన ఓడ మీద చిక్కుపడిపోయిన ఒక వంటవాడి కథ. తీరం కనబడుతూ ఉంటుంది, దిగడానికి వీల్లేదు. నాకు అలాంటివి రుచించవు గానీ దానికి ప్రాణం. నిన్న సాయంత్రం ఆ పుస్తకం తీసి, ఆపినచోటు నుంచి చదివి వినిపిస్తానన్నాను. వరండాలో కూర్చున్నాం. వీధిలో పిల్లలు షటిల్ ఆడుతున్నారు. నేను పద్ధతిగా, వంటవాడికో గొంతు, కెప్టెనుకో గొంతు పెట్టి చదివాను. వంటవాడు ఉల్లిపాయలు తరుగుతూ ఒడ్డునున్న దీపాలు చూసే చోటు.

మేదిని నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"చాలు నాన్నా."

"ఏం, బాగాలేదా? నెమ్మదిగా చదవనా?"

"బాగా చదువుతున్నావు," అంది. "నేను చదివేటప్పుడు అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. అతనొక్కడే ఉండేవాడు. అతనితో నేను. ఇప్పుడు నువ్వున్నావు నాన్నా. ఎంతసేపు విన్నా నువ్వే ఉన్నావు."

నేను పక్కకి తప్పుకుంటాను, గొంతులు మార్చను అన్నాను. మిషను గొంతు పెట్టనా అన్నాను. అది తల అడ్డంగా ఊపింది. కోపం లేదు, ఏడుపు లేదు. వీధిలో బంతి ఎటు వెళ్తోందో చూస్తూ కూర్చుంది.

పుస్తకం మూసేస్తే ఈ చదివి వినిపించడం కూడా అయిపోయినట్టే అనిపించింది. అందుకని చదువుతూనే ఉన్నాను, పైకే, ఇందాకటికంటే కాస్త చిన్న గొంతుతో. మేదిని వినడం లేదు.